లసుమవ్వ గాజుల సప్పుడు

మా అత్త గాజులు ఎవరో ఎత్తుకుపోయారని మా ఆయన అనుమానం. చేతి గాజులు కావు, పెట్టెలో దాచినవీ కావు. క్యాసెట్లోవి.

నవ్వొచ్చే మాటే. కానీ ఆ మాట పట్టుకుని ఆయన మొదట జగిత్యాల మెకానిక్‌ను దొంగను చేశాడు. ఆ తర్వాత కట్టుకున్న పెళ్ళాన్ని, అంటే నన్ను. అందుకని అప్పట్లో నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది.

మాది సిరిసిల్ల. మా ఆయన చంద్రమౌళి పెళ్ళికి ముందు భీవండిలో సాంచాలు నడిపాడు. మరమగ్గాలను మేం సాంచాలంటాం. తిరిగి వచ్చేటప్పుడు అక్కడ ఏదో సేటు తీసిపారేసిన పాత సాంచాలు నాలుగు లారీలో వేయించుకుని, వాటి సందులో గోనెసంచుల్లో చుట్టి పాటల సెట్టు ఒకటి తెచ్చుకున్నాడు. ఒక ఆంప్లిఫయరు, ఒక క్యాసెట్ డెక్కు, మోకాలి ఎత్తు స్పీకర్ బాక్సులు రెండు. అదీ ఎవరో వాడి వదిలేసిందే. ఈ ఇంట్లోకి కొత్తగా వచ్చింది కోడలొక్కతే అని మా అత్త లసుమవ్వ అంటుండేది. అది మెచ్చుకోలు కాదని చెప్పనక్కర్లేదు.

ఆ సెట్టంటే ఆయనకు పంచప్రాణాలు. దాని మీద దుమ్ము తుడవాలన్నా నన్ను ముట్టనిచ్చేవాడు కాదు. ఆయనవి పాము చెవులని వాడంతా పేరు. షెడ్డులో నాలుగు సాంచాలూ ఒక్కసారే దడదడలాడుతుంటే గుమ్మంలో నిలబడి, ఏ సాంచెకు నట్టు వదులైందో చెప్పేవాడు. ఈ మధ్య గుమ్మంలోంచి కాకుండా లోపలికి వెళ్ళి సాంచె మీద అరచెయ్యి ఆనించి చెప్పడం మొదలుపెట్టాడు. అది ఇంకా గొప్ప విద్య అనుకున్నాం అందరం.

షెడ్డులో మాట వినిపించదు. మేమంతా పెదవులు చూసి మాట అందుకుంటాం, మిగతాది చేతులతో కానిచ్చేస్తాం. బొటనవేలు నోటి దగ్గర పెడితే నీళ్ళు. రెండు చేతులూ ఎదురుగా అడ్డంగా పెడితే సాంచె ఆపు. మా వాడలో మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుంటే గోడవతల వాళ్ళకు ఏమీ తెలియదు, కిటికీలోంచి చూసేవాళ్ళకు మాత్రం అక్షరం పొల్లుపోకుండా తెలుస్తుంది.

ఇక క్యాసెట్ సంగతి. మా అత్త వసారాలో కూర్చుని రాట్నం మీద, సాంచాల్లోకి ఎక్కే నూలు కండెలు చుట్టేది. చుడుతూ సన్నగా పాడేది. రాట్నం తిరిగినప్పుడల్లా చేతి గాజులు గలగలమనేవి. ఒకరోజు మా ఆయన నూలు గంప వెనక మైకు దాచి, ఆమెకు తెలియకుండా ఆ పాట క్యాసెట్లోకి ఎక్కించాడు. మరుసటి ఏడు ఆమె పోయింది. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని ఆమెకు భయం, అందుకని ఒక్క ఫోటో కూడా లేదు. ఆయనకు తల్లి మిగిలింది ఆ క్యాసెట్లోనే. అది పోతే ఆమె రెండోసారి పోయినట్టే.

అమావాస్యకు మాకు సాంచాలు బందు. ఆ రోజు వాడంతా నిశ్శబ్దంగా ఉంటుంది. ఆయన తలంటుకుని, తలుపు దగ్గరగా వేసుకుని, ఆ క్యాసెట్ పెట్టుకునేవాడు. నేను వంటింట్లోకి తప్పుకునేదాన్ని. బతికుండగా ఆమెతో పడ్డది చాలదా అని. ఎప్పుడైనా లోపలికి అడుగు పెట్టానో, ఆయన టక్కున ఆపేసేవాడు, ముఖ్యంగా పాట అయిపోవచ్చే వేళకు. ఆ చివర్లో ఏదో ఉందని, అది నా గురించేనని నాకూ ఒక అనుమానం ఉండేది. అనుమానాలు ఆయనొక్కడి సొత్తేం కాదు.

ఒక అమావాస్యనాడు ఆయన తలుపు తీసుకుని బయటికొచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"సుమిత్రా, అవ్వ గాజులు లేవు."

"ఏం గాజులు?"

"క్యాసెట్ల. రాట్నం సప్పుడున్నది, అవ్వ గొంతున్నది. గాజులు లేవు. మాటలు గూడ మింగినట్టస్తున్నయి."

నేను వెళ్ళి విన్నాను. గాజులు నిక్షేపంగా ఉన్నాయి. "ఉన్నయి గదయ్యా, గలగల అంటున్నయి," అన్నాను. "నీకేం తెలుసు?" అన్నాడు. నిజమే, పాము చెవులు ఆయనవి, నావి కావు. నేను విన్నది ఏ రాట్నం చప్పుడో అయి ఉంటుందని నోరు మూసుకున్నాను. అక్కడే తప్పటడుగు పడింది.

జగిత్యాలలో మొగిలి అని ఒక మెకానిక్ ఉన్నాడని, డెక్కులు బాగుచేయడంలో చెయ్యి తిరిగినవాడని ఎవరో చెప్పారు. మా ఆయన డెక్కును తువ్వాలలో కట్టి, క్యాసెట్‌ను అంగీ లోపలి జేబులో పెట్టుకుని బయల్దేరాడు. బయల్దేరే ముందు క్యాసెట్ రంధ్రంలోంచి ఒక నూలు పోగు దూర్చి, అతుకు వేశాడు. తెగిన పోగును మేం ఒక్క వేలి విసురుతో కలిపేస్తామే, ఆ ముడి. బయటివాళ్ళకు అది చచ్చినా పడదు. పోగు మారిస్తే క్యాసెట్ మార్చినట్టే అని ఆయన తెలివి.

మరి పాట పెట్టాలంటే పోగు తియ్యాలి కదా అంటే, "నేనే తీస్త, నేనే ఏస్త," అన్నాడు.

సాయంత్రానికి తిరిగొచ్చాడు. డెక్కును మంచం మీద పెట్టి, పక్కనే కూలబడ్డాడు.

"గా మొగిలి ఏమన్నడో తెలుసా? హెడ్డు స్పిరిటు పెట్టి తుడిసిండు, పాట ఏసిండు. 'అంత మంచిగనే ఉన్నదన్నా, గాజులు గూడ గలగల అంటున్నయి' అన్నడు. నేను గాజులని చెప్పిన గావట్టి గాజులంటుండు. చీరెలని చెప్తే చీరెలు గూడ ఇనపడ్డయనేటోడే."

"పోనీ, నిజంగనే ఇన్నడేమో."

"ఇన్నడు! పాటయినంక నేను పోగు మళ్ళ ఏసిన. గప్పుడు నన్ను చాయ తాగి రమ్మని బయటికి తోలిండు. నేను వచ్చేసరికి క్యాసెట్ బల్ల మీద పక్కకు జరిగి ఉన్నది. అసలుది తన కాడ పెట్టుకుని నకలు నాకు అంటగట్టిండు."

మీ అవ్వ పాట వాడికెందుకయ్యా అన్నాను. దానికి ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. పల్లె పాటల క్యాసెట్లు ఇప్పుడు బాగా అమ్ముడుపోతున్నాయట. లేదంటే ఆ పాట వరసకు అడవిలో వాళ్ళు వేరే మాటలు కట్టి ఊరూరా పాడతారట. రేపు పోలీసులు ఈ వరస ఎవరిదని వెతుక్కుంటూ మా గడప తొక్కుతారట. అప్పటి రోజులు అలాంటివి. నవ్వేద్దామంటే నవ్వేయలేం. మా పక్క వీధిలో ఒకాయనను ఎర్ర తువ్వాలు కప్పుకున్నాడని ఠాణాకు పిలిచి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు.

కొంతసేపటికి ఆయన క్యాసెట్ తీసి పోగు వైపు చూశాడు. వేళ్ళతో నలిపాడు. దీపం దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు.

"ఇది నా అతుకే. చాయకు పోయే ముందు నేనే ఏసిన. మొగిలికి పడేది గాదు," అన్నాడు తనలో తాను. "అంటే పోయింది జగిత్యాలల గాదు. అంతకు ముందే, ఇంట్లనే."

తర్వాత తలెత్తి నన్ను చూశాడు.  ఆ చూపులో ఉన్నదంతా నాకు అర్థమైంది. ఇంట్లో ఉండేది ఇద్దరం. ఆ ఇద్దరిలో లసుమవ్వతో పడనిది నాకే.

అత్త చచ్చిన ఆరు నెలలకు కోడలు ఏడ్చిందని సామెత ఉంది. నేను ఆ ఆరు నెలలకు కూడా ఏడవలేదు, ఒప్పుకుంటాను. కానీ చచ్చినామె గొంతు చెరిపేటంత పాపిష్టిదాన్నా? కాపురం మొదలైనప్పటి నుంచీ ఒక్క అబద్ధం ఆడనిదాన్ని, ఒక పోగు ముక్క చూసి దొంగను చేశాడు. ఆ వారమంతా మా ఇంట్లో గిన్నెలే మాట్లాడాయి.

ఆ గిన్నెల మధ్యే ఆయన ఒకనాడు, "కోరుట్లల ఒకాయన దుబాయి సెట్టు అమ్ముతుండట," అన్నాడు. "పెద్ద బాక్సులు, మంచి ఆంప్లిఫయరు. సన్న సప్పుడుకు వేరే చిన్న స్పీకర్లు ఉంటయట దాంట్ల. దాంట్ల గూడ గాజులు ఇనపడకుంటే ఇగ క్యాసెట్ల లేనట్టే. నువ్వు గూడ రా. ఒక్కన్నే డబ్బాలు పట్టుకొస్తే దారిల ఆపుతరు. ఆడమనిషి ఉంటే అనుమానపడరు."

వెళ్ళాలనే అనుకున్నాను. ఆ బాక్సుల్లో గాజులు మోగితే నా మీద మచ్చ పోతుంది. నాకు కావలసింది అదే.

వేములవాడలో బస్సు మారి చందుర్తి, రుద్రంగి మీదుగా కోరుట్ల చేరాం. సీటు కింద ఎవరిదో టిఫిన్ డబ్బా కనబడితే బస్సంతా లేచి నిలబడే కాలం. రుద్రంగి దగ్గర ఒక ముసలాయన తన సద్ది మూట మరిచిపోయి దిగితే, కండక్టరు దాన్ని కర్రతో పొడిచి చూసి, ఆ తర్వాత కిటికీలోంచి అందించాడు.

సెట్టు అమ్మే మనిషి పేరు జలపతి. కొత్త స్లాబు ఇల్లు, చేతికి బంగారు రంగు గడియారం. తలుపు మాత్రం తల దూరేంత మేరకే తీశాడు.

"ఎవలు మీరు? ఎవలు పంపిండ్రు?"

"ఎవలు పంపలేదన్నా. సెట్టు కోసం..." అన్నాడు మా ఆయన.

అడవిలో వాళ్ళను అందరూ పిలిచేది అలాగే గనక, అన్నా అన్న మాట వినగానే ఆ కాస్త తలుపూ సగమైంది. "అన్నా గిన్నా అనకు. పేరు జెప్పు, ఊరు జెప్పు."

లోపల నుంచి ముసలి గొంతు ఒకటి, "ఆడమనిషి ఉన్నది గదరా, రానియ్యి," అంది. అది జలపతి తల్లి గంగవ్వ. ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆమె చేతులకు గాజుల్లేవు.

లోపల కూర్చోబెట్టాక కూడా జలపతి మా సంచి వైపే చూస్తున్నాడు. దుబాయి నుంచి ఆ సెట్టు తెచ్చినప్పటి నుంచీ తనకు నిద్ర లేదన్నాడు. ఒక పూట ఎవరో వచ్చి మీటింగుకు కావాలని అడుగుతారు. మరో పూట ఇంకెవరో వచ్చి ఎవరికిచ్చావని అడుగుతారు. అమ్మేస్తే పీడ పోతుందని చూస్తున్నాడట.

"కానీ వైర్లియ్య," అన్నాడు. "సెట్టు ఇస్త, బాక్సులిస్త. రేపు ఏడనన్న ఏమన్న పేలితే గీ వైరు జలపతిదే అంటరు."

మా ఆయన తన డెక్కు సంచిలోంచి తీశాడు, క్యాసెట్ పోగు విప్పాడు. జలపతి కిటికీలు మూసి, చప్పుడు తగ్గించి పెట్టాడు. రాట్నం తిరగడం మొదలైంది. లసుమవ్వ గొంతు లేచింది. ఆ గొంతు కోరుట్లలో, తెలియని వాళ్ళింట్లో వినేసరికి నాకే ఎలాగో అయింది. వెంటనే గాజులు. చెవి పక్కనే మోగినట్టు, ఒక్కొక్క గాజూ విడిగా.

గంగవ్వ బీడీ చుట్టడం ఆపి నా వైపు తిరిగింది.

"గాజులు గట్ల ఆడిస్తున్నవేంది బిడ్డా?"

"నేను చేతులు కదపనే లేదు పెద్దవ్వా," అన్నాను. "గవి క్యాసెట్లయి."

మేమిద్దరం మాట్లాడుకున్నది మా ఆయన వెనకే, రెండు బారల దూరంలో. ఆయన బాక్సుల వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. తల తిప్పలేదు. ఒక నిమిషం ఆగి, "ఉహూ, దీంట్ల గూడ లేవు," అన్నాడు.

జలపతికి కోపం వచ్చింది. "లేవంటవేంది? చెవులల్ల దూది పెట్టుకున్నవా? దుబాయి మాలు అది!"

మా ఆయన జలపతి నోటి వైపు చూసి, "తక్కువ సప్పుడు పెట్టినవు గావట్టి," అన్నాడు. "ఇంటికాడ పెద్దగ పెట్టి చూస్త."

నేను ఆయన వీపు వైపే చూస్తూ కూర్చున్నాను.  అప్పటి దాకా అనుమానం ఆయనది. అక్కడి నుంచి నాది.

బేరం కుదిరింది. ఆంప్లిఫయరు నా ఒడిలో, బాక్సులు రెండూ సీట్ల మధ్య. పొద్దు వాలుతుండగా చందుర్తి ఇంకా రాకముందే బస్సు ఆపారు. పోలీసులు. మగవాళ్ళంతా సామాన్లు పట్టుకుని దిగి రోడ్డు పక్క కూర్చోవాలన్నారు.

మా ఆయన ఒక బాక్సు కుడి భుజం మీదికి ఎత్తుకుని దిగాడు. ఆ బాక్సుకు అవతల పోలీసులు. అందరూ దిగిన చోటే కూర్చున్నారు. ఆయన ముందుకు నడుస్తూ పోయాడు. పోలీసు ఒకడు ఈల వేశాడు. ఆయన ఆగలేదు. మళ్ళీ వేశాడు. కూర్చున్నవాళ్ళు నేల చూపులు చూస్తున్నారు. అదే నడక, చెట్ల వైపు, భుజం మీద పెట్టెతో. మూడో ఈల సగంలో ఉండగా ఒక కానిస్టేబులు తుపాకి భుజానికి ఎత్తాడు.

అరిస్తే లాభం లేదని నాకు తెలుసు. ఎలా దిగానో తెలియదు, చీర కుచ్చిళ్ళు పట్టుకుని పరుగెత్తాను. పక్కనుంచి దాటి ఆయన ముందుకు వెళ్ళి తిరిగి నిలబడ్డాను. రెండు చేతులూ అడ్డంగా పెట్టాను. సాంచె ఆపు.

కరెంటు పోయిన సాంచెలా టక్కున ఆగిపోయాడు.

"ఏందే?" అన్నాడు.

అప్పటికే పోలీసులు చుట్టూ ఉన్నారు. వాళ్ళ పెద్ద, "చెవుల్లేవా? ఈల వినిపించలేదా?" అని అరిచాడు. మా ఆయన ఆ నోటి వైపు చూసి, "ఈల ఎప్పుడేసిండ్రు సారూ?" అన్నాడు. అమాయకంగా అడిగిందే. ఆ సారుకు అది ఎదురు మాటలా తోచింది. చెయ్యి ఎత్తాడు. నేను మా ఆయన వెనక్కి జరిగి, ఆయనకు నా ముఖం కనబడకుండా, "సాంచాల మీద పని జేస్తడు సారూ. ఇనపడది," అన్నాను.

ఆ మాట నా నోటితో అదే మొదటిసారి అనడం. అన్నాక గానీ అది నిజమని పూర్తిగా తెలియలేదు.

"సిరిసిల్లోళ్ళా?" అని సారు చెయ్యి దించాడు. బాక్సు వెనక చెక్క విప్పించి చూశాడు. అయస్కాంతం, కొంచెం దూది. వెళ్ళమన్నాడు.

బస్సు కదిలాక మా ఆయన నా చెవి దగ్గర, "ఈల ఎయ్యనే లేదు, సుమిత్రా. నన్ను ఇరికియ్యాలని చూసిండ్రు," అన్నాడు.

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మామూలు గొంతుతోనే, "ఏసిండ్రు. బస్సంత ఇన్నది. నువ్వొక్కనివే ఇనలే," అన్నాను. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు.

"నోటికి కొంగడ్డం పెట్టుకుని ఏం గొణుగుతున్నవ్?" అన్నాడు మా ఆయన.

ఏమీ లేదని చెయ్యి ఊపాను. కిటికీ వైపు తిరిగి ఇంటికి చేరేదాకా ఏడ్చాను. ఆయన, పోలీసులకు భయపడ్డాననుకుని నా భుజం తట్టాడు.

మర్నాడు అమావాస్య. వాడంతా నిశ్శబ్దం. మా పాత వైర్లతోనే కొత్త సెట్టు కలిపాడు. నన్ను కూడా కూర్చోమన్నాడు. నేను ఆయన ఎదురుగా, బాక్సుల పక్కన కూర్చున్నాను. చప్పుడు ఎంత పెట్టాడంటే గోడకున్న క్యాలెండరు కదిలింది. లసుమవ్వ రాట్నం, లసుమవ్వ గొంతు, గాజులు. ఎదురింటి వాళ్ళు కూడా విని ఉంటారు.

ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. చాలాసేపు విన్నాడు. కళ్ళు తెరిచాక అవి ఎర్రగా ఉన్నాయి.

"లేవు," అన్నాడు. "నిజం చెప్పు సుమిత్రా. నేనేమన. అవ్వ మీద కోపంతోని ఏమన్న చేసినవా?"

తిట్టాలనే నోరు తెరిచాను. ఆ ముఖం చూసి తిట్టలేకపోయాను.

"గాజులున్నయి," అన్నాను. "మొగిలి అబద్ధమాడలే, జలపతి అబద్ధమాడలే. పోలీసోళ్ళు ఈల ఏసిండ్రు. పోయినవి నీ చెవులయ్యా."

"నా చెవులా?" నవ్వాడు. "నా చెవులు పోతే నీ మాటలన్ని ఎట్ల ఇంటున్న?"

"ఇంటలేవు. చూస్తున్నవ్. క్యాసెట్‌కు పెదువులున్నయా చూడనీకి?"

నవ్వు ఆగిపోయింది. కానీ నమ్మలేదు. నమ్మడం ఎంత కష్టమో నాకు తెలుసు, ఆ చెవుల మీదే కదా ఆయన ఇన్నాళ్ళూ తలెత్తుకు తిరిగింది. "నన్ను చెవిటోన్ని జేసి నువ్వు తప్పించుకుంటున్నవ్," అన్నాడు.  నేను ఆ గాజులు చెరపలేదని ఎలా నిరూపించుకోను?

ఈ మాటల మధ్య పాట అయిపోయింది. ఆయన దృష్టి నా మీద ఉంది, ఎప్పటిలా ఆపలేదు. రాట్నం ఆగిన చప్పుడు. గంప జరిపిన చప్పుడు. మైకు దొరికినట్టుంది ఆమెకు, నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టింది. నేను ఎన్నడూ విననిది. వింటూ వింటూ, ఆమె అన్నది అన్నట్టే, ఆయన వైపు చూస్తూ పెదవులు కదిపాను.

"గిదేందిరా, నా పాట పడుతున్నవా? పట్టు పట్టు. నీ పెండ్లాం కండెలు సుడితే సాంచె ఎక్కకముందే ఊడుతయి. దాని చేతులు పుల్కలు చేసేతందుకే పనికొస్తయి. దానికి చెప్పకురా. అలిగి అన్నం మానేస్తది."

మా ఆయన ముఖం నా ముందే మారిపోయింది.

"గా మాట నీకెవలు చెప్పిండ్రు?"

"మీ అవ్వ. ఇప్పుడే."

"ఇన్నేండ్లు నీకు ఇనపడకుండ ఆపుకుంట వచ్చిన..." అని ఆగిపోయాడు. ఆ మాట ఆయన మనసులో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు, ఆ క్యాసెట్లో తప్ప. అది నా పెదవుల మీదికి రావాలంటే ఇంకో దారి లేదు. పైగా ఏ కోడలూ తన మీద ఇలాంటి మాట సొంతంగా కల్పించుకోదు.

ఆయన లేచి బాక్సు దగ్గరికి వెళ్ళి చెవి ఆనించాడు. అరచెయ్యి పెట్టాడు, సాంచె మీద పెట్టినట్టే.  అప్పుడు తెలిసింది ఆయనకు. చెయ్యి తియ్యకుండానే నా వైపు తిరిగాడు.

"అయితే ఉన్నదా?" అన్నాడు. "అవ్వ ఉన్నదా దీంట్ల?"

"ఉన్నది. మొత్తం ఉన్నది. గాజులతోని సహా."

మొగిలిని, జలపతిని, నన్ను ఇంతకాలం అనుమానించినందుకు ఏదో అనబోయాడు. అనబోతూనే ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఆ చెవుల కోసం, ఆ తుపాకి కోసం, కండెల మాట కోసం కూడా. అన్నీ కలిపి.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "మొదటి నుంచి పెట్టు," అన్నాడు. నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

పెట్టాను. ఆమె పాడుతుంటే పెదవులు కదిపాను. గాజులు మోగిన ప్రతిసారీ చెయ్యెత్తి మణికట్టు ఆడించాను. ఆయన కళ్ళు ఆర్పకుండా నా నోటి వైపే చూస్తున్నాడు. పాట అయిపోయి ఆమె మాట్లాడే చోటు వస్తే ఆపుదామని చూశాను. ఆపొద్దని చెయ్యి అడ్డం పెట్టాడు.

"మళ్ళ పెట్టు," అన్నాడు. ఆ తర్వాత మళ్ళీ పెట్టమన్నాడు.

ఆ అమావాస్యనాడు మా అత్త నన్ను ఎన్నిసార్లు తిట్టిందో లెక్క లేదు. అదీ నా నోటితోనే.